‘ఇంజన్ పని ఉంది’ అన్న స్కూటర్‌ను కొనొచ్చా?

పాత స్కూటర్ల బేరంలో ధరను ఒక్కసారిగా దించేసే మాట ‘ఇంజన్ పని ఉంది’. పాతిక వేలు పలికే బండి ఆ మాటతో పది వేలకు, ఒక్కోసారి ఆరేడు వేలకు దిగుతుంది. అమ్మేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. చాలామంది దృష్టిలో బండి స్టార్ట్ కాకపోయినా ఇంజన్ పోయినట్టే, పికప్ తగ్గినా పోయినట్టే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా బండి ఆగిపోతున్నా పోయినట్టే. మొదటిదానికి కారణం ఓ చవక ప్లగ్ కావచ్చు, రెండోదానికి అరిగిన బెల్టు, మూడోదానికి కార్బొరేటర్‌లో మూసుకుపోయిన చిన్న రంధ్రం. నిజంగానే లోపల అరిగిపోయిన ఇంజన్లూ ఉంటాయి. చిక్కేమిటంటే అవీ ఇదే మాటతో, ఇదే ధరకు అమ్ముడవుతాయి. ఏది ఏదో ముందే పోల్చుకోగలిగితేనే చౌక బండి చౌకగా మిగులుతుంది. లేదంటే దాని అసలు ధర మెకానిక్ షెడ్డులో తేలుతుంది.

ఇక్కడ చెప్పేది గేర్లు లేని, కార్బొరేటర్ ఉన్న, ఫోర్ స్ట్రోక్ స్కూటర్ల సంగతి. 2001లో యాక్టివా వచ్చిన తర్వాత మన ఊళ్లలో స్కూటరంటే ఈ తరహాదే అయిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా దొరికేవీ, విడిభాగాలు ఏ మండల కేంద్రంలోనైనా దొరికేవీ ఇవే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక కార్బొరేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆ బండ్లలో తప్పు వెతకడానికి స్కానర్ కావాలి, ఇంటి దగ్గర స్పానర్ పట్టుకుని సాధించేది తక్కువ. ఇక చేతక్, ఎల్ఎంఎల్ వెస్పాల వంటి టూ స్ట్రోక్ బండ్లు, మన హైదరాబాద్ ఆల్విన్ ఒకప్పుడు చేసిన పుష్పక్, ఇవన్నీ ప్రేమతో కొనుక్కునే వస్తువులు. వాటికి లెక్కలు పనిచేయవు.

బండిని తాకేముందు కాగితాలు చూడాలి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ‘ఇంజన్ పని’ ఉన్న బండ్లలో ఎప్పుడో ఒకప్పుడు వేరే ఇంజన్ ఎక్కించి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి రెండో నంబరును వదలకూడదు. ఫైనాన్స్ తాలూకు పేరు ఆర్‌సీ మీద ఉంటే ఫారం 35, అప్పు తీరినట్టు పత్రం ఉండాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు, వేరే రాష్ట్రం బండైతే 28 కూడా. సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి, ఫీజుతో పాటు గ్రీన్ ట్యాక్స్ కూడా ఉంటుంది. 14 ఏళ్ల బండిని చౌకగా ఇస్తున్నారంటే కారణం ఇంజన్ కాకపోవచ్చు, క్యాలెండర్ కావచ్చు. పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి, కొన్ని బండ్ల మీద బండి ధరకు దగ్గరగా ఉంటాయి.

ఇప్పుడు బండి దగ్గరకు. సెల్ఫ్ నొక్కకండి, తాళం కూడా తిప్పక్కర్లేదు. కిక్ రాడ్‌ను అరచేత్తో నెమ్మదిగా కిందికి నొక్కండి. కొంత దూరం తేలిగ్గా దిగి, ఒకచోట గట్టిగా ఎదురు తిరిగి, ఆ తర్వాత లొంగాలి. ఆ ఎదురు తిరగడమే కంప్రెషన్. సిలిండర్‌లో పిస్టన్ పైకి వస్తూ గాలిని నొక్కుతున్నప్పుడు ఆ గాలి ఎటూ తప్పించుకోలేక చేసే ప్రతిఘటన అది. అది బాగుందంటే పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ, వాల్వులు, గ్యాస్కెట్ సరిగానే ఉన్నాయని, అంటే డబ్బు తినే భాగాలు దాదాపుగా క్షేమమని అర్థం. కిక్ అడ్డూ ఆపూ లేకుండా సర్రున దిగిపోతే బేరం మరో మూడు నాలుగు వేలు తగ్గాలి. గేజ్ ఉన్న మెకానిక్ తోడుంటే ఇంకా మంచిది. ప్లగ్ తీసి గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్‌లు కొడితే ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఈ తరహా ఇంజన్లలో 120 పీఎస్ఐ దాటితే నిశ్చింత, 90 లోపైతే జబ్బు లోపలే ఉంది. కచ్చితమైన అంకె కంపెనీ సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

పరీక్షల్లో దీన్ని మొదట పెట్టడానికి కారణం ఇది పైసా ఖర్చు లేనిది కావడమే కాదు. మిగతా తప్పులు చాలావరకు వందల్లో తీరేవి. ఇది వేలల్లోకి లాగుతుంది. బండి కొనాలా వద్దా అన్నది దీంతో తేలుతుంది, బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలన్నది తర్వాతి మాట.

కిక్ అసలు కదలకపోతే? ఇంజన్ పట్టేసిందంటారు. దాని మీద ఎక్కి గెంతకండి. కొన్నిసార్లు పట్టేసేది ఇంజన్ కాదు, పక్క కవర్లో ఉండే కిక్ పళ్ల చక్రం. కుడివైపు ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది, ఫ్యాన్ తిరిగితే ఇంజన్ తిరుగుతున్నట్టే. ఫ్యాన్ కూడా కదలకపోతే ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో రెండు చెంచాల పల్చటి నూనె పోసి ఒక రాత్రి వదిలేయాలి. ఏళ్ల తరబడి కదలని బండిలో రింగులు తుప్పుతో గోడకు అంటుకుని ఉంటాయి. నూనె నానాక మెల్లగా అటూ ఇటూ కదిపితే చాలాసార్లు వదులుతాయి. వదిలినంత మాత్రాన గోడ మీద గీతలు పడలేదని భరోసా లేదు గానీ, కనీసం పరీక్షించే స్థితికి వస్తుంది.

వరద బండ్ల గురించి ఇక్కడే ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ కాలనీల్లో బండ్లు సీట్ల దాకా మునిగాయి, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ అంతే. అలాంటివి కడిగి మెరుగుపెట్టాక బయటికి తెలియవు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. నూనె పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. హెడ్‌లైట్ అద్దం లోపల, ముందు కవర్ వెనక సన్నటి బురద గీత కూడా పట్టిస్తుంది. అలాంటి బండిని ప్లగ్ తీయకుండా కిక్ కొడితే ప్రమాదం, ఎందుకంటే నీరు గాలిలా నలగదు. పిస్టన్ దాన్ని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

కంప్రెషన్ ఉంది, కాగితాలు ఉన్నాయి, బండి ఇంటికొచ్చింది. ఇక స్టార్ట్ కాకపోవడానికి మిగిలేవి రెండే: నిప్పు, పెట్రోల్ కలిసిన గాలి.

నిప్పు చూడటం తేలిక. ప్లగ్ విప్పి, దాన్ని మళ్లీ క్యాప్‌కు తగిలించి, ప్లగ్ లోహపు ఒళ్లు ఇంజన్‌కు ఆనేలా పెట్టి, తాళం తిప్పి కిక్ కొడితే మొనల మధ్య నీలంగా, చిటుక్కుమంటూ నిప్పు దూకాలి. షెడ్డుల్లో దీన్నే ‘కరెంట్ చూడటం’ అంటారు. దగ్గర్లో పెట్రోల్ ఒలికి ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. నిప్పు ఎర్రగా, బలహీనంగా వస్తే ముందు కొత్త ప్లగ్, తర్వాత క్యాప్, ఆ తర్వాతే కాయిల్, నిప్పును నియంత్రించే సీడీఐ పెట్టె. ఈ వరుస తప్పించి తిన్నగా సీడీఐ మార్చేసేవాళ్లున్నారు. అసలు నిప్పే రాకపోతే వైర్లు చూడండి. కదలకుండా ఉన్న బండి ఎలుకలకు ఇష్టమైన కాపురం. సీటు కింద వైర్లు కొరుకుతాయి, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో గూడు పెడతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమన్నది ఈ పనిలో అక్షరాలా జరుగుతుంది. బ్యాటరీ సంగతి బండిని బట్టి మారుతుంది. కొన్ని మోడళ్లు బ్యాటరీ చచ్చినా కిక్‌కు లేస్తాయి, కొన్నింటికి అది లేనిదే నిప్పే పుట్టదు. పరీక్ష చేసేటప్పుడు మంచి బ్యాటరీ తగిలిస్తే సందేహం తీరుతుంది.

విప్పిన ప్లగ్‌ను వెంటనే తుడిచేయకండి. మొన లేత ఇటుక రంగులో ఉంటే లోపల మంట సరిగా ఉంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది లేదా గాలి తక్కువవుతోంది. జిడ్డుగా తడిసి నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తోంది. బాగా కిక్ కొట్టాక కూడా మొన ఎండిపోయి ఉంటే పెట్రోలే రావడం లేదు.

అసలు కథ పెట్రోల్ దగ్గర ఉంది. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువువీ అయిన చాలా ద్రవాల మిశ్రమం. నెలల తరబడి నిల్వ ఉంటే తేలికవి, అంటే సులువుగా అంటుకునేవి, ముందు ఎగిరిపోతాయి. మిగిలింది మెల్లగా ఆక్సీకరణ చెంది జిగురులా మారి కార్బొరేటర్ అడుగున, జెట్లలో పేరుకుంటుంది. కార్బొరేటర్‌లో రెండు జెట్లుంటాయి. వేగంగా వెళ్లేటప్పుడు మెయిన్ జెట్ పనిచేస్తుంది, ఆగి ఉన్నప్పుడు, అప్పుడే కదిలేటప్పుడు పైలట్ జెట్. పైలట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ముందు మూసుకుపోయేది అదే. అందుకే చోక్ వేస్తే లేచి చోక్ తీయగానే ఆగిపోయే బండి, రోడ్డు మీద బాగానే పరిగెత్తి సిగ్నల్ దగ్గర చచ్చిపోయే బండి చాలాసార్లు ఈ ఒక్క రంధ్రం బాధితులు. వీటికి ఐడిల్ స్క్రూ బిగించి ఇంజన్‌ను హోరెత్తించి ‘సెట్ చేశాం’ అనే మెకానిక్ రోగం తగ్గించలేదు, కప్పిపెట్టాడు.

పని ట్యాంకు నుంచి మొదలవ్వాలి. పాత పెట్రోల్ మొత్తం దించేయండి. కొత్త పెట్రోల్ కలిపితే సర్దుకుంటుందనే ఆశ పెట్టుకోవద్దు. టార్చి వేసి ట్యాంకు లోపల తుప్పు ఉందేమో చూడండి. తుప్పున్న ట్యాంకును వదిలేసి కార్బొరేటర్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా వారానికే మళ్లీ మొదటికొస్తుంది. కార్బొరేటర్ గిన్నె అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి వచ్చిన పెట్రోల్‌ను గాజు సీసాలో పట్టి కదలకుండా ఉంచితే నీళ్లుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొంతవరకు తనలో కలుపుకుంటుంది గానీ, నీరు హద్దు దాటితే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. కార్బొరేటర్‌కు వెళ్లే పైపు మొదట తాగేది ఆ అడుగునున్నదే. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావరకు రబ్బరు భాగాలు ఈ20ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి పాత బండిని లేపేటప్పుడు పెట్రోల్ పైపు, గిన్నె ఓ-రింగు కొత్తవి వేయడం మంచిది. రెండూ కలిపి ఖర్చు పెద్దది కాదు, పగిలిన పైపు నుంచి వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారడం మాత్రం పెద్ద విషయమే.

జెట్లు విప్పి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, కంప్రెసర్ గాలి పట్టిస్తే ఎక్కువ శాతం దారికొస్తాయి. ఇనుప తీగ, పిన్నీసు దూర్చకండి. జెట్ ఇత్తడిది, ఒకసారి రంధ్రం పెద్దదైతే ఇక జీవితాంతం పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు చాలు. గాలి స్క్రూ విప్పేముందు అది పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పడుతోందో రాసుకోండి, తిరిగి అక్కడికే తేవాలి.

చాలా స్కూటర్లలో పెట్రోల్ కాక్ దానంతటదే తెరుచుకుంటుంది. ఇంజన్ పీల్చే శూన్యం లోపలున్న రబ్బరు పొరను లాగి దారి తెరుస్తుంది. ఆ పొర చిరిగితే రెండు రకాల తంటాలు. పెట్రోల్ రాకపోవచ్చు, లేదా శూన్యం పైపు గుండా నేరుగా ఇంజన్‌లోకి పోయి ప్లగ్‌ను ముంచేయవచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత దాటి ఉండి, పెట్రోల్ వాసన వస్తోందంటే ఈ పొర గానీ, కార్బొరేటర్‌లోని ఫ్లోట్ సూది గానీ లీకవుతోంది. ఆ పలచబడ్డ ఆయిల్‌తో ఇంజన్ నడిపితే ఇప్పటిదాకా బాగున్న బేరింగులు కూడా పోతాయి. ముందు లీకు ఆపి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

గాలి గురించి తక్కువ మాటల్లో చెప్పొచ్చు. ఒక లీటరు పెట్రోల్ సవ్యంగా కాలడానికి దాదాపు ఎనిమిది, తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి, అదంతా ఓ చిన్న ఫిల్టర్ గుండానే రావాలి. నూనె పూసిన కాగితపు ఫిల్టర్లను కడగడం, గాలి కొట్టడం పనికిరాదు, మార్చేయడమే.

కానీ గాలికి ఈ బండ్లలో ఇంకో పని ఉంది. స్కూటర్ ఇంజన్ బైకు ఇంజన్‌లా ఎదురుగాలికి ఉండదు, ప్లాస్టిక్ కవర్ల లోపల దాగి ఉంటుంది. ఫ్యాన్ తోసే గాలిని ఒక ప్లాస్టిక్ తొడుగు సిలిండర్ రెక్కల చుట్టూ తిప్పితేనే అది చల్లబడుతుంది. ఎప్పుడో ఎవరో పని చేస్తూ ఆ తొడుగు పగిలితే, తీసి పక్కన పడేసి బండి బిగించేస్తారు. బండి నడుస్తుంది, వేడెక్కుతుంది, ఆయిల్ కాలుతుంది, రెండేళ్లలో రింగులు పోతాయి. పాత బండి కొనేటప్పుడు ఈ తొడుగు ఉందా లేదా అని చూడని వాళ్లే ఎక్కువ. నేనైతే మీటరు మీద కిలోమీటర్ల కంటే దీనికే ఎక్కువ విలువిస్తాను, ఎందుకంటే మీటరును వెనక్కి తిప్పొచ్చు.

చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్‌కే లేచి, పది కిలోమీటర్లు తిరిగి ఆపాక మళ్లీ లేవని బండ్లు ఉంటాయి. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతాయి. వేడికి బలహీనపడే కాయిల్ ఒక కారణం. రెండో కారణాన్ని చాలామంది మరిచిపోతారు: ట్యాపెట్ సెట్టింగ్. వాల్వు కాండానికి, దాన్ని నొక్కే మీటకు మధ్య మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా సందు ఉండాలి. వాడకంలో వాల్వు తన గద్దెలో కొద్దికొద్దిగా కుంగి ఆ సందు మూసుకుపోతుంది. వేడికి లోహం సాగాక వాల్వు పూర్తిగా మూతపడక కంప్రెషన్ జారిపోతుంది. ఫీలర్ గేజ్‌తో సందు సరిచేయడం గంట పని. ఇదే లక్షణానికి ‘హెడ్ పోయింది’ అని హెడ్డే మార్పించుకున్నవాళ్లున్నారు.

స్టార్ట్ అయ్యాక బండిని ఆరుబయటకు తెచ్చి పొగ చూడండి. మూసిన గదిలో ఇంజన్ నడపకూడదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఉదయాన్నే కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి నీటిదే. నల్ల పొగ పెట్రోల్ ఎక్కువని. నీలం పొగ ఆయిల్ కాలుతోందని. ఆ నీలం కూడా ఎప్పుడొస్తోందో గమనించాలి. రాత్రంతా ఆగి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు. యాక్సిలరేటర్ తిప్పినంతసేపూ వస్తూనే ఉంటే రింగులు, బోరు (సిలిండర్ గోడ).

కంప్రెషన్ తక్కువున్న బండిలో ఏది పోయిందో చెప్పే పాత చిట్కా ఒకటుంది. గేజ్ అంకె రాసుకుని, ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే లీకు రింగుల దగ్గర ఉంది, ఆయిల్ తాత్కాలికంగా ఆ సందు పూడ్చింది. పెరగకపోతే లీకు పైన, వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో. వాల్వులైతే హెడ్ ఒక్కటే విప్పి గ్రైండింగ్ చేయిస్తే సరిపోతుంది. రింగులైతే బ్లాకు విప్పాలి. గోడ మీద గోరుకు తగిలే గీతలు లేకుండా, బోరు కొలత హద్దులో ఉంటే కొత్త రింగులు చాలు. గీతలుంటే లేత్ షెడ్డులో బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించాలి, లేదా బ్లాకు, పిస్టన్ కలిసి వచ్చే బోర్ కిట్ కొనాలి. లేత్ మీద నైపుణ్యం ఉన్నవాడు దగ్గర్లో ఉంటే నా ఓటు బోరింగ్‌కే, కంపెనీ బ్లాకు లోహం నాసిరకం కిట్లలో దొరకదు. పని అయ్యాక మొదటి 500 కిలోమీటర్లు నలభై, నలభై అయిదు దాటకుండా నడిపి ఆయిల్ మార్చేయాలి. కొత్త రింగులు గోడకు ఒరుసుకున్నప్పుడు రాలే లోహపు పొడి ఆ ఆయిల్‌లోనే ఉంటుంది.

ఇంజన్ గట్టిగా అరుస్తోంది, బండి మాత్రం నలభై దాటడం లేదంటే ఇంజన్‌ను నిందించకండి. ఎడమ కవర్ విప్పి బెల్టు చూడండి, అరిగి సన్నబడి ఉంటుంది. దాని వెనక గుండ్రంగా ఉండాల్సిన రోలర్లు ఒకవైపు చదునై ఉంటాయి. క్లచ్ లైనింగ్ కూడా చూడండి. ఇరవై వేల కిలోమీటర్లు దాటి ఎవరూ విప్పని బండిలో ఇవి మార్చడమే సగం ‘ఇంజన్ పని’. బెల్టు దారిలో తెగితే వెనక చక్రం దాకా శక్తి చేరే దారే ఉండదు, బండిని తోసుకు రావాల్సిందే.

అన్నీ చూశాక కూడా కొన్ని బండ్లు వదిలేయాల్సినవే. క్రాంక్ బేరింగు పోయి లోపల దడదడమంటున్నది, ఫుట్‌బోర్డు కింద ఫ్రేము తుప్పుతో పొరలు లేస్తున్నది, ఈ రెండూ కలిసి ఉన్న బండి మీద పెట్టే డబ్బు తిరిగిరాదు. విడిభాగాల కోసం కొనుక్కోవచ్చు. అయితే తుక్కుకు ఇచ్చేటప్పుడు దారిన పోయే ఇనుప సామాను వ్యాపారికి కాకుండా, ప్రభుత్వం రిజిస్టర్ చేసిన వాహన స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ పత్రంతో రవాణా కార్యాలయంలో ఆర్‌సీ రద్దు చేయించాలి. ఛాసిస్ నంబరు ముక్కను, నంబరు ప్లేటును వేరే బండికి తగిలించి తిప్పేవాళ్లుంటారు, ఆర్‌సీ బతికి ఉన్నన్నాళ్లూ ఆ చలాన్లు పాత యజమాని పేరు మీదే వస్తాయి.